సిస్టమ్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

"సిస్టమ్ బాగా స్లో అయిపోయింది. ఫార్మాట్ కొట్టించెయ్యనా?" అని చాలామంది అడుగుతున్నారు. ఆన్ చేశాక ఎంతసేపటికీ డెస్క్‌టాప్ రావడం లేదని కొందరు, ఎక్సెల్ తెరిస్తే "నాట్ రెస్పాండింగ్" అని తెల్లబోతోందని కొందరు, ఏమీ చేయకుండానే ఫ్యాన్ గోల పెడుతోందని ఇంకొందరు. అందరికీ నేను చెప్పేది ఒకటే. ఎక్కడ ఇరుక్కుంటోందో ముందు చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి. అసలు కారణం పాడవుతున్న హార్డ్ డిస్కో, చాలని ర్యామో (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే మెమరీ) అయితే ఫార్మాట్ కొట్టినా కొన్నాళ్లకే మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఆ హడావుడిలో ఫోటోలు, లెక్కల ఫైళ్లు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇది విండోస్ 10, 11 వాడేవాళ్లకు రాస్తున్నాను. మ్యాక్ వాడేవాళ్లు టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే కిటికీ) అన్నచోట యాక్టివిటీ మానిటర్ అనుకోండి. బటన్లు వేరైనా చూడాల్సినవి దాదాపు ఇవే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గంటసేపు తీరిక. మధ్యలో మీటింగ్ ఉంటే ఇవాళ మొదలుపెట్టకండి.
- ముఖ్యమైన ఫైళ్లన్నిటికీ ఇంకోచోట ఒక కాపీ. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, పెన్ డ్రైవ్, క్లౌడ్, ఏదైనా సరే. అదే కంప్యూటర్లో సీ నుంచి డీ డ్రైవ్‌కి మారిస్తే అది బ్యాకప్ కాదు. చాలా కంప్యూటర్లలో ఆ రెండూ ఒకే డిస్క్ మీద ఉంటాయి, పోతే రెండూ కలిసే పోతాయి.
- అడ్మిన్ పాస్‌వర్డ్.
- ల్యాప్‌టాప్ అయితే దానితోపాటు వచ్చిన ఛార్జర్. వేరేది ఎందుకు వద్దో కింద చెబుతాను.
- కాగితం, పెన్ను. ఏది ఎప్పుడు మార్చారో రాసుకోవడానికి.

ఆఫీసు వాళ్లిచ్చిన కంప్యూటర్ అయితే మూడో మెట్టు వరకు మీరు చూసి, ఆపైన ఐటీ వాళ్లకి అప్పగించండి. చూసినదాన్ని విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీసి పంపితే పని త్వరగా అవుతుంది. "స్లోగా ఉంది" అని రాసిన మెయిల్‌కీ, "డిస్క్ ఉదయం నుంచి 100 శాతం దగ్గరే ఉంది" అని ఫోటోతో పంపిన మెయిల్‌కీ వచ్చే స్పందనలో చాలా తేడా ఉంటుంది.

1. ఏది స్లోనో ఒక్క వాక్యంలో రాయండి

"అంతా స్లో" అని రాయకండి. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్ తెరుచుకునేదాకా ఎంత పడుతోంది? రోజూ తెరిచే ఫైల్ ఒకటి తెరుచుకోవడానికి ఎంతసేపు? ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఈ రెండూ కొలిచి రాసుకోండి. ఈ అంకెలు లేకపోతే చివర్లో బాగుపడిందో లేదో మనకి తెలియదు. కొత్తగా ఏదైనా చేసిన వెంటనే ఎవరికైనా సిస్టమ్ కాస్త చురుగ్గానే అనిపిస్తుంది.

ఎప్పటి నుంచి స్లో అయిందో కూడా గుర్తు తెచ్చుకోండి. ఫలానా రోజు నుంచి అని కచ్చితంగా చెప్పగలిగితే ఆ రోజు ఏదో ఇన్‌స్టాల్ అయ్యిందనో, అప్‌డేట్ వచ్చిందనో అనుమానించాలి. స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ" అని టైప్ చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ చేరిందో, ఏది కూలిపోయిందో క్యాలెండర్‌లా చూపిస్తుంది. విండోస్‌లో ఇంత మంచి పరికరం ఉన్నట్టు చాలామందికి తెలియదు. ఒకసారి తెరిచి చూడండి. నెలల తరబడి మెల్లమెల్లగా నెమ్మదిస్తూ వచ్చిందంటే మాత్రం డిస్క్ నిండిపోవడమో, దుమ్మో, పెరిగిన ప్రోగ్రాముల బరువో అయి ఉంటుంది.

2. రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు

"రోజూ ఆఫ్ చేసే పడుకుంటాను కదా" అంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. చాలా కంప్యూటర్లలో అది ఆన్‌లోనే ఉంటుంది. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని పూర్తిగా మూసేయకుండా డిస్క్ మీద దాచి, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకే లోపల పేరుకున్న చిక్కు అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

మీది ఎన్నాళ్లుగా నడుస్తోందో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ (ప్రాసెసర్) మీద నొక్కితే కింద "అప్ టైమ్" అని ఉంటుంది. రోజూ ఆఫ్ చేసే కంప్యూటర్లోనూ అక్కడ రోజులకు రోజులు కనిపిస్తే, కారణం ఇదే. ఓసారి రీస్టార్ట్ కొట్టి వాడి చూడండి. సమస్య ఇక్కడితో పోయినవాళ్లు మిగతాది చదవక్కర్లేదు.

రీస్టార్ట్ కూడా చేయలేనంతగా బిగుసుకుపోతే క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల ఇంకా పని జరుగుతోందనే అర్థం, కొన్ని నిమిషాలు ఆగండి. తెర మాత్రమే నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరని నడిపే ప్రోగ్రామ్) మళ్లీ మొదలవుతుంది. దేనికీ ఉలకకపోతేనే పవర్ బటన్‌ని పది సెకన్లు గట్టిగా నొక్కి ఉంచండి. తెర మీద అప్‌డేట్ శాతం నడుస్తున్నప్పుడు మాత్రం ఎంత ఆలస్యమైనా పవర్ బటన్ ముట్టుకోవద్దు.

3. టాస్క్ మేనేజర్‌లో ఐదు నిమిషాలు చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే. రీస్టార్ట్ అయిన వెంటనే చూడకండి, అప్పుడు అన్నీ ఒకేసారి లేస్తూ ఉంటాయి కాబట్టి ఎవరికైనా అంకెలు ఎక్కువే కనిపిస్తాయి. పది నిమిషాలు వదిలేసి, తర్వాత మీరు రోజూ చేసే పనే మొదలుపెట్టి, స్లో అనిపించిన క్షణంలో టాస్క్ మేనేజర్ తెరవండి.

ప్రాసెసెస్ పేజీలో సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని నాలుగు నిలువు వరుసలుంటాయి. ఏ వరుస పేరు మీద నొక్కితే దాన్ని ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. ఒక్కో వరుస మీద నొక్కి ఒక నిమిషం పాటు గమనించండి. అంకె ఒక్కసారి 100కి ఎగిరి దిగితే పట్టించుకోకండి. అక్కడే కదలకుండా కూర్చుంటే అదే మన దొంగ.

ఇక్కడ పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి:

- డీటెయిల్స్ పేజీలో "సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్" అనేది 95 శాతం వాడుతున్నట్టు చూసి కంగారు పడతారు. ప్రాసెసర్ అంత ఖాళీగా ఉందని దాని అర్థం. అది ఎక్కువ ఉంటేనే మంచిది.
- మెమరీ 60, 70 శాతం ఉందంటే తప్పేమీ కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ వాడుకుంటుంది, వాడుకోవాలి కూడా. పని చేస్తున్నంతసేపూ 90 దాటి ఉంటేనే ఆలోచించాలి.
- "యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" వైరస్ కాదు, విండోస్ సొంత యాంటీవైరస్. స్కాన్ నడుస్తోందంతే.
- తెలియని పేరు కనిపించగానే "ఎండ్ టాస్క్" కొట్టకండి. ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" చూడండి. ఎక్కడ ఉందో చూస్తే ఎవరిదో తెలుస్తుంది. విండోస్ ఫోల్డర్‌లో ఉన్నవాటి జోలికి పోవద్దు.

ఏ వరుస నిండిందో కాగితం మీద రాసుకుని కింద దానికి తగిన మెట్టుకి వెళ్లండి. అన్నీ చేయనక్కర్లేదు.

4. డిస్క్ 100 దగ్గర ఉంటే

పాత కంప్యూటర్లలో ఎక్కువగా తగిలేది ఇదే. పెర్ఫార్మెన్స్ పేజీలో ఎడమవైపు డిస్క్ 0 కింద హెచ్‌డీడీ అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా చూడండి. దాని మీద నొక్కితే "యావరేజ్ రెస్పాన్స్ టైమ్" అని మిల్లీ సెకన్లలో ఒక అంకె వస్తుంది. పది, ఇరవైల్లో ఆడుతుంటే డిస్క్ తట్టుకుంటోంది. వందల్లోకి వెళ్లి అక్కడే నిలబడితే దానికి ఊపిరాడడం లేదు.

హెచ్‌డీడీ అంటే లోపల పళ్లెం తిరుగుతూ దాని మీద ముల్లు కదులుతూ చదివే పాత రకం. నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి అడిగితే ఆ ముల్లు అటూ ఇటూ పరుగెత్తాల్సిందే. ఇప్పటి విండోస్‌ని దాని మీద నడపడం కష్టం. ఏ సెట్టింగూ దీన్ని పూర్తిగా బాగు చేయదు. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలేవీ లేని కొత్త రకం డిస్క్, వేయించండి. పాత కంప్యూటర్‌కి మీరు చేయగల పనుల్లో దీనంత ఫలితమిచ్చేది ఇంకోటి లేదు. ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయించాలా అని సందేహిస్తూ, మీ డిస్క్ హెచ్‌డీడీ అయితే ముందు ఎస్‌ఎస్‌డీకే వెళ్లండి. ఉన్న విండోస్‌ని, ఫైళ్లని ఉన్నట్టుగా కొత్తదానిలోకి క్లోన్ చేయించుకోవచ్చు, మళ్లీ అన్నీ ఇన్‌స్టాల్ చేసుకునే బాధ ఉండదు.

అయితే ముందు డిస్క్ ఆరోగ్యం తెలుసుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ తన గురించి తాను రాసుకునే రికార్డును చదివి గుడ్, కాషన్, బ్యాడ్ అని చూపిస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ప్రకటనల బటన్లు కూడా "డౌన్‌లోడ్" అనే ఉంటాయి, చూసి నొక్కండి.

కాషన్ అనో బ్యాడ్ అనో వచ్చినా, డిస్క్ లోంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తున్నా అన్నీ ఆపేసి ఫైళ్లు బయటికి తీసుకోండి. ముందు తిరిగి దొరకనివి, తర్వాత మిగతావి. అప్పటిదాకా చెక్ డిస్క్, డీఫ్రాగ్ (డిస్క్ మీద చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కల్ని సర్దడం), ఫుల్ స్కాన్ ఏదీ నడపకండి. చచ్చీ చెడీ తిరుగుతున్న డిస్క్‌ని మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదివించడం వల్లే చాలామందికి అది పూర్తిగా ఆగిపోతుంది. గుడ్ అని వచ్చినా బ్యాకప్ ఉండాల్సిందే. ముందస్తు హెచ్చరిక లేకుండా పోయే డిస్కులూ ఉన్నాయి.

మీది ఎస్‌ఎస్‌డీ అయ్యుండి కూడా స్లో అయితే దాదాపు నిండిపోయిందేమో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్. పదో వంతు కంటే తక్కువ ఖాళీ ఉంటే ఖాళీ చేయాలి. అక్కడే "టెంపరరీ ఫైల్స్" లోకి వెళ్తే పనికిరానివన్నీ జాబితాగా చూపిస్తుంది. ఇక్కడ కళ్లు పెట్టి చదవండి. ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" కూడా ఉండొచ్చు. దానికి టిక్ పెడితే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ పోతాయి, రీసైకిల్ బిన్‌లోనూ దొరకవు. చాలామంది అసలు ఫైళ్లన్నీ దాచుకునేది అక్కడే. "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" అనేది పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలిన పాత విండోస్. కొత్తది బాగానే నడుస్తోందని నమ్మకం కుదిరాక తీసేయొచ్చు. తీసేస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ చేసే ప్రోగ్రాములు బయటివి పెట్టుకోకండి. దానికి కావాల్సిన సర్దుబాటు విండోస్ తనంతట తానే చేసుకుంటుంది.

5. మెమరీ నిండితే

ముందు బ్రౌజర్‌నే అనుమానించండి. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్‌కి సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్ ఎంత తింటోందో, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రామ్) ఎంత తింటోందో విడివిడిగా కనిపిస్తుంది. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్ ఒకటి అక్కడ పైన కూర్చుని ఉండడం మామూలే. వాడనివి తీసేయండి. క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేసుకుంటే చూడని ట్యాబ్‌లు వాటంతట అవే నిద్రపోతాయి.

ఇంత చేసినా మామూలు పనికే నిండుతోందంటే ర్యామ్ చాలడం లేదు. విండోస్ 11కి 4 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ అంటుంది గానీ, అది ఇన్‌స్టాల్ కావడానికి, పని చేసుకోవడానికి కాదు. బ్రౌజర్, ఎక్సెల్, వీడియో కాల్ కలిపి వాడేవాళ్లకి 8 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత. కొనే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూడండి. "స్లాట్స్ యూజ్డ్" దగ్గర 2లో 1 అని ఉంటే ఒకటి ఖాళీ ఉన్నట్టు. "ఫామ్ ఫ్యాక్టర్" దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారన్నమాట, దాన్ని మార్చడం కుదరదు. ఏదైనా ఖాళీ స్లాట్ విడిగా ఉందేమో మోడల్ నంబర్‌తో తయారీదారు సైట్‌లో చూసుకోండి.

6. సీపీయూ నిండితే

విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు అయితే ఛార్జర్ పెట్టి రెండు గంటలు వదిలేయండి. అప్‌డేట్ తర్వాత సర్దుకునే పనులు, ఫైళ్ల జాబితా తయారుచేసే ఇండెక్సింగ్ అన్నీ అప్పుడే నడుస్తాయి. మర్నాటికీ తగ్గకపోతేనే సమస్య.

ఒకే ప్రోగ్రామ్ ఎప్పుడు చూసినా పైన ఉంటే దాన్ని అప్‌డేట్ చేయండి, అవసరం లేకపోతే సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి తీసేయండి. ఫోల్డర్ మాత్రమే డిలీట్ చేస్తే సరిగ్గా పోదు. "సిస్టమ్ ఇంటరప్ట్స్" అనేది పది శాతం దాటి ఉంటే ప్రింటర్, పెన్ డ్రైవ్, డాక్ వంటివన్నీ ఒక్కొక్కటే పీకి చూడండి. పీకగానే తగ్గితే ఆ వస్తువుదో, దాని డ్రైవర్‌దో తప్పు.

యాంటీవైరస్‌లు రెండు ఉన్నాయేమో కూడా చూసుకోండి. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే తెలుస్తుంది. ఒకదాన్నొకటి కాపలా కాస్తూ కూర్చుంటాయి. ఒకటి తీసేయండి.

7. అన్నీ తక్కువే ఉన్నా స్లోగా ఉంటే

చిక్కు ముడి ఇక్కడే. మూడు చోట్ల చూడాలి.

వేడి: పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర "బేస్ స్పీడ్", "స్పీడ్" అని రెండు అంకెలుంటాయి. బరువైన పని నడుస్తున్నప్పుడు కూడా స్పీడ్ అనేది బేస్ స్పీడ్ కంటే బాగా కింద ఉండిపోతే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తోందని అర్థం. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద, ఒడిలో పెట్టి వాడకండి, కింద గాలి ఆడాలి. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, గాలి రంధ్రాల్లో దుమ్ము ఉందేమో చూడండి. గాలి క్యాన్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా పుల్లతో ఆపి ఊదండి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి పాడవుతుంది. తక్కువ వాట్ల ఛార్జర్ పెట్టినా ఇలాగే నెమ్మదిస్తుంది. అందుకే దానితో వచ్చిన ఛార్జరే పెట్టమన్నాను. పవర్ మోడ్ "బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ"లో ఉంటే మార్చి చూడండి.

ఇంటర్నెట్: పేజీలు రావడం లేదు గానీ, నోట్‌ప్యాడ్, ఫోల్డర్లు చకచకా తెరుచుకుంటున్నాయా? అయితే కంప్యూటర్ తప్పేమీ లేదు. అదే వైఫై మీద ఫోన్‌లో అదే పేజీ తెరవండి. ఫోన్‌లోనూ రాకపోతే రౌటర్ పీకి, అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. ఫోన్‌లో వచ్చి ఇక్కడ రాకపోతే వీపీఎన్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఆపి చూడండి.

ఒకే ఫైల్: ఆఫీసుల్లో ఇది చాలా ఎక్కువ. అన్నీ బాగుంటాయి, ఆ ఒక్క ఎక్సెల్ ఫైల్ మాత్రం ప్రాణం తీస్తుంది. ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసి, కాపీలో కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కండి. మీ డేటా 300వ వరుసలో అయిపోయినా కర్సర్ ఎక్కడో లక్షల్లో ఉన్న వరుసకి, అంటే చివరి వరుస 10,48,576 దగ్గరికి ఎగిరిందనుకోండి, ఎవరో డేటా కిందున్న ఖాళీ గళ్లకి చివరిదాకా రంగో గీతలో పెట్టారన్నమాట. మీ డేటా కిందున్న ఖాళీ వరుసలన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి డిలీట్ కొట్టి, సేవ్ చేసి, మూసి మళ్లీ తెరవండి. కీబోర్డు మీద డిలీట్ నొక్కితే లోపలి అంకెలే పోతాయి, ఫార్మాటింగ్ పోదు. ఫైల్ సైజు ముందూ వెనకా చూసుకుంటే తేడా తెలుస్తుంది.

ఎక్సెల్, వర్డ్ ఏ ఫైల్ తెరిచినా ఆలస్యమైతే డిఫాల్ట్ ప్రింటర్‌ని చూడండి. పేజీ ఎలా పేర్చాలో ప్రింటర్‌ని అడుగుతాయి అవి. ఆ ప్రింటర్ ఆఫ్‌లో ఉన్న నెట్‌వర్క్ ప్రింటర్ అయితే జవాబు కోసం ఎదురు చూస్తూ కూర్చుంటాయి. డిఫాల్ట్‌గా "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్" పెట్టి తెరిచి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఎక్సెల్ గుర్తు మీద క్లిక్ చేయండి, సేఫ్ మోడ్‌లో తెరవనా అని అడుగుతుంది. అందులో చురుగ్గా ఉంటే ఎక్సెల్‌కి అదనంగా తగిలించిన యాడ్ ఇన్స్‌లో ఏదో ఒకదాని పని ఇది.

8. స్టార్టప్ తగ్గించండి

ఆన్ అవ్వడమే ఆలస్యమైనవాళ్లకి ఇది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి, "స్టార్టప్ ఇంపాక్ట్" హై అని ఉన్నవాటిలో పొద్దున్నే అవసరం లేనివి డిసేబుల్ చేయండి. ప్రోగ్రామ్ పోదు, మీరు తెరిచినప్పుడే లేస్తుంది. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, ఆడియో, గ్రాఫిక్స్ పేర్లున్నవి వదిలేయండి. వన్‌డ్రైవ్ లాంటివి ఆపితే ఫైళ్లు క్లౌడ్‌కి చేరడం ఆగుతుంది, బ్యాకప్ దాని మీదే ఆధారపడి ఉంటే ఆపకండి.

9. వైరస్ అనుమానం ఉంటే

విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి.

"మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని తెర నిండా వస్తే టెన్షన్ పడకండి, ఫోన్ అసలే చేయకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. అది మామూలు వెబ్ పేజీ. టాస్క్ మేనేజర్‌లోంచి బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేస్తే పోతుంది. మళ్లీ తెరిచినప్పుడు పాత ట్యాబ్‌లు తేవాలా అని అడిగితే వద్దనండి.

10. విండోస్ ఫైళ్లు చెడితే

స్టార్ట్ మెనూలో "సీఎండీ" అక్షరాలు టైప్ చేసి, "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి. నల్ల తెరలో ఎస్‌ఎఫ్‌సీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, దానికి ఆనించి స్కాన్‌నౌ అని మధ్యలో ఖాళీ లేకుండా రాసి ఎంటర్ నొక్కండి. ఎస్‌ఎఫ్‌సీ మూడక్షరాలూ, స్కాన్‌నౌ కూడా ఇంగ్లీషులోనే, స్లాష్ ప్రశ్న గుర్తు కీ మీద ఉండేది. వంద శాతం అయ్యేదాకా కిటికీ మూయకండి. చెడినవి ఉన్నాయని, బాగు చేశానని చెబితే రీస్టార్ట్ చేసి మళ్లీ ఒకసారి నడపండి. రెండోసారి ఏమీ లేవంటేనే పని పూర్తయినట్టు.

చేయకూడనివి

రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) క్లీనర్లు, "ఒక్క క్లిక్‌తో పది రెట్ల వేగం" అనే ప్రోగ్రాములు వద్దు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు, అవి తెచ్చే ఇబ్బంది వేగం కంటే ఎక్కువ. డ్రైవర్లు వెతికిపెట్టే ప్రోగ్రాములూ అంతే. డ్రైవర్ కావాలంటే విండోస్ అప్‌డేట్ నుంచో, తయారీదారు సైట్ నుంచో తీసుకోండి. వేగం కోసమని అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు మారే ఆలోచన చేయండి.

ఒకేసారి ఐదు మార్పులు చేయడం కూడా తప్పే. ఒకటి చేసి, రీస్టార్ట్ చేసి, మొదటి మెట్టులో కొలిచినవే మళ్లీ కొలవండి. రెండుసార్లు కొలిచి రెండోదాన్ని తీసుకోండి, రీస్టార్ట్ తర్వాత మొదటిసారి ఏ ఫైలైనా ఆలస్యంగానే తెరుచుకుంటుంది. తేడా రాకపోతే ఆ మార్పు వెనక్కి తీసేసి తర్వాతదానికి వెళ్లండి.

ఇవేవీ పని చేయకపోతే

ఇప్పుడు ఫార్మాట్ గురించి మాట్లాడుకోవచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ; విండోస్ 10లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద రికవరీ. అక్కడ "రీసెట్ దిస్ పీసీ" ఉంటుంది. "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, మీరు ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములన్నీ పోతాయి. ఫైళ్లు ఉంటాయని చెప్పినా బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకండి.

మొదలుపెట్టే ముందు మూడు పనులు. కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ల కీలు, లాగిన్‌లు రాసుకోండి. బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు మీ ఖాతాలోకి సింక్ అయ్యాయో లేదో ఫోన్‌లో తెరిచి చూసుకోండి. డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో వెతికి కాగితం మీద దించుకోండి. మధ్యలో అది అడిగినప్పుడు లేకపోతే ఆ డిస్క్‌లో ఉన్నది ఎవరూ తెరవలేరు.

రీసెట్ అయ్యాక పాత ప్రోగ్రాములన్నీ ఒకేరోజు తిరిగి ఎక్కించకండి. మొదటి రోజు అప్‌డేట్లు, బ్రౌజర్ మాత్రం పెట్టి స్టాప్‌వాచ్‌తో కొలవండి. ఖాళీ విండోస్ కూడా పాత అంకెల దగ్గరే ఉంటే లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాలుగో మెట్టుకి తిరిగి వెళ్లి డిస్క్ మార్పించండి. బాగుంటే రోజుకి ఒకటో రెండో ప్రోగ్రాములు చేర్చుకుంటూ వెళ్లండి. ఏది పెట్టిన రోజు అంకె పెరిగిందో, దాన్నే తీసేయండి.